ఎవరి కోసం వేసిన అంచనా?

తెనాలిలో మేం ఇల్లు కట్టుకున్న ఏడాది ఆ ఒక్క ఇంటికే నాలుగు అంకెలు ఉండేవి. మేస్త్రీ నోటితో చెప్పింది ఒకటి. లోను దరఖాస్తుకు జతచేయడానికి ఇంజనీరు రాసిచ్చిన ఎస్టిమేటు ఇంకొకటి. బ్యాంకు పంపిన వాల్యూయరు స్థలంతో కలిపి కట్టిన విలువ మూడోది. రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకంలో ఉన్న ప్రభుత్వ విలువ నాలుగోది. ఒకదానికీ ఇంకొకదానికీ లక్షల్లో తేడా. అలాగని ఎవరూ అబద్ధం చెప్పలేదు. పని తనకు రావాలి కాబట్టి మేస్త్రీ అంకె కాస్త కిందికి ఉంటుంది. అప్పు మంజూరు కావాలి కాబట్టి ఎస్టిమేటు కాగితంలోది కాస్త పైకి ఉంటుంది. మేం కట్టలేని రోజు వస్తే ఇల్లు అమ్మి ఎంత రాబట్టుకోవచ్చో చూసుకోవడం వాల్యూయరు పని. నాలుగోది స్టాంపు డ్యూటీ లెక్కగట్టడానికి. ఇల్లు పూర్తయ్యేదాకా మా ఇంటి డబ్బు ఎలా నడవాలన్నది మాత్రం ఆ నాలుగింటిలో ఎక్కడా లేదు. ఆ అంచనా మేమే వేసుకోవాల్సి వచ్చింది.

లోను విషయంలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 90 శాతం దాకా, అక్కడి నుంచి 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం ఇవ్వవచ్చు. ఎస్టిమేటు పెద్దదైతే లోనూ పెద్దదవుతుందని దాన్ని పెంచి రాయించుకునేవాళ్లు ఉన్నారు. నాకది ఎప్పుడూ సరిగా తోచలేదు. ఆ శాతాలు అప్పిచ్చేవాడి డబ్బు మునిగిపోకుండా పెట్టిన హద్దులు. నెల జీతంలోంచి ఎంత తీసి కట్టగలమన్నది వాటిలో ఎక్కడుంది?

మా ఇల్లు 1,200 చదరపు అడుగులు. మేస్త్రీ గారు కొలతలు చూసుకుని, "అన్నీ కలిపి ఇంతలో అయిపోద్దమ్మా" అన్నారు. "అన్నీ అంటే ఏమేమిటి మేస్త్రీ గారూ?" అని అడిగి, ఆయన చెబుతుంటే రాసుకున్నాను. బోరు లేదు, మోటారు లేదు, సంపు లేదు, సెప్టిక్ ట్యాంకు లేదు, ప్రహరీ లేదు, కరెంటు మీటరు లేదు. ప్లాను ఫీజు సరేసరి. ఇల్లు లేస్తున్నన్నాళ్లూ ఒకపక్క అద్దె, ఇంకోపక్క లోను వడ్డీ కట్టాలి, వాటి ఊసు ఆయన ఎత్తాల్సిన పనే లేదు. గృహప్రవేశానికి పెట్టే బట్టలు, భోజనాలు ఏ ఇంజనీరూ రాయడు. ఆయన తప్పేమీ లేదు. ఆయనకు ఇల్లంటే పునాది, గోడలు, స్లాబు, ప్లాస్టరింగు. అవన్నీ తన మాట ప్రకారమే పూర్తిచేశారు కూడా.

ఆ రాత్రి మా వారూ నేనూ కూర్చుని ప్రతి వస్తువుకూ రెండు గడులు గీశాం. ఎంత కావాలి అన్నది ఒకటి, ఎంతకు దొరుకుతోంది అన్నది ఒకటి, దాని పక్కన తేదీ. మామూలు ఇళ్లకు కట్టుబడి వాళ్ల వాడుక లెక్క ఒకటుంది: చదరపు అడుగుకు సిమెంటు సుమారు 0.4 బస్తా, ఇనుము సుమారు 4 కిలోలు. ఆ లెక్కన మాకు 480 బస్తాలు, 4.8 టన్నులు. ఊచల బరువుకూ లెక్క ఉంది. మిల్లీమీటర్లలో మందాన్ని అదే అంకెతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల ఊచ 12 మీటర్ల పొడవుంటే పది కిలోల ఏడు వందల గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. ఇది తెలిస్తే లారీ దిగినప్పుడు ఊచలు లెక్కపెట్టుకుని బరువు సరిచూసుకోవచ్చు.

రెండు గడులు ఎందుకంటే, ప్లాను మారకపోతే మొదటి గడి పెద్దగా కదలదు. రెండోది మన చేతిలో లేదు. 2022 వేసవిలో అదే జరిగింది. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఇనుము ధర ఎగబాకింది. మేం టన్ను 60 వేలని రాసుకుంటే స్లాబు వేసే వేళకు అది 76 వేలైంది. ఎంత ఎక్కువవుతుందో తెలుసుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. 16 వేలను 4.8తో గుణిస్తే 76,800. స్లాబు ఆగదు, సెంట్రింగు అద్దె పెరుగుతూ పోతుంది. అందుకని ప్రహరీని ముళ్లకంపతో సరిపెట్టి, లోపలి చెక్కపనిని వెనక్కి నెట్టి, ఆ డబ్బు ఇనుముకు మళ్లించాం. ఆ మే నెలలో కేంద్రం ఉక్కు ఎగుమతుల మీద సుంకం వేశాక ధరలు దిగివచ్చాయి. ప్రహరీ గేటూ గ్రిల్సూ దిగిన ధరకు కొన్నాం. మొత్తం కలిపి ఒకే అంకె రాసుకుని ఉంటే, ఏది ఆపాలో ఏది ఆపకూడదో తెలియక ఎక్కువ వడ్డీకి అప్పు వెతుక్కునేవాళ్లం.

ఇంతకంటే పెద్ద అంచనా వడ్డీది. 2021 చివర్లో మేం తీసుకున్న లోను 20 లక్షలు, 7 శాతం, ఇరవై ఏళ్లు. నెలకు 15,506 రూపాయలు. బ్యాంకులో చూపించింది ఆ ఒక్క వరసే. వడ్డీ రెపో రేటును బట్టి మారుతుందని కాగితంలోనే ఉంది, రెపో అప్పటికి 4 శాతం, చాలా తక్కువ. అందుకని దాని కింద 9.5 శాతానికి ఇంకో వరస వేశాం. అప్పుడు కిస్తు 18,643. ఇది కట్టగలమా అని చూసుకుని, కట్టగలమన్నాకే సంతకం పెట్టాం. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 6.5 శాతానికి చేరింది. మా లోను మేం కింద రాసుకున్న ఆ వరసకే వచ్చి నిలిచింది.

కిస్తు మార్చకుండా గడువు పొడిగించడం బ్యాంకుల్లో మామూలు. కానీ 20 లక్షల మీద 9.5 శాతం చొప్పున మొదటి నెల వడ్డీయే 15,833 రూపాయలు. పాత కిస్తు 15,506. అంటే కిస్తు కడుతున్నా అసలు తరగదు సరికదా, నెలనెలా పెరుగుతుంది. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు దీన్ని పట్టించుకుని, రేటు మారినప్పుడు కిస్తు పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా అని ఖాతాదారును అడగాలని చెప్పింది. మేం కిస్తే పెంచమన్నాం. పొడిగించిన గడువులో కట్టే ప్రతి నెలా మా పదవీ విరమణ తర్వాతే పడుతుంది మరి.

ఈ రెండు వరసల పద్ధతి నాకు నాన్న దగ్గర అలవాటైంది. ఆయన వరి వేసే ముందు అప్పుకు వెళ్లేవారు. ఎకరాకు ముప్పై బస్తాలు తేలవచ్చని చేను చెబుతున్నా, ఇరవై రెండు బస్తాల మీదే అప్పు లెక్కవేసుకునేవారు. "అమ్మాయ్, రాబడి దగ్గర తగ్గించి రాసుకో, ఖర్చు దగ్గర పెంచి రాసుకో, మధ్యలో మిగిలేదే మనది" అనేవారు. మా వైపు బస్తా అంటే 75 కిలోలు. 2021-22లో సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాలుకు 1,940 రూపాయలు, అంటే బస్తాకు 1,455. ఎనిమిది బస్తాల తేడా ఎకరాకు 11,640. పంట కోసే వేళ తుపాను వచ్చినా ఆ మేరకు ఆయన అప్పులో పడేవారు కాదు.

ఆదాయపు పన్ను దగ్గర కూడా మనల్ని ముందే అంచనా వేయమంటారు. జీతంలో కోత పోగా కట్టాల్సిన పన్ను ఏడాదికి 10 వేలు, అంతకు మించితే ముందస్తు పన్ను కట్టాలి: జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి మొత్తం. తగ్గితే నెలకు ఒక శాతం వడ్డీ. మా వారికి ట్యూషన్ల మీద వచ్చేది ఉంది కాబట్టి ఇది మాకూ వర్తిస్తుంది. ఇందులో నాకు నచ్చిన సంగతి, చట్టం అంచనాకు కాస్త వెసులుబాటు ఇవ్వడం. మొదటి రెండు గడువుల్లో 12, 36 శాతం కట్టి ఉన్నా వడ్డీ వేయరు. షేర్లు అమ్మగా వచ్చిన లాభం, డివిడెండు లాంటివి ముందు ఊహించలేనివి కాబట్టి, అవి వచ్చాక మిగిలిన వాయిదాల్లో వాటి పన్ను కట్టేస్తే సరిపోతుంది.

బీమా చేయించేటప్పుడు మాత్రం వాల్యూయరు విలువ బొత్తిగా పనికిరాదు, అందులో స్థలం ఉంది కాబట్టి. నిప్పంటుకున్నా వరద వచ్చినా స్థలం ఎక్కడికీ పోదు. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా సంస్థలూ అమ్మే భారత్ గృహ రక్ష పాలసీలో ఇంటి విస్తీర్ణాన్ని ప్రస్తుత నిర్మాణ ఖర్చుతో గుణించి బీమా మొత్తం కడతారు. మా పుస్తకంలోని గడులు అప్పుడు మళ్లీ అక్కరకొచ్చాయి.

పుస్తకం అంటే మామూలు పద్దుల పుస్తకమే. కేంద్ర బడ్జెట్ పత్రాల్లో బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు వేర్వేరు గడుల్లో ఉంటాయి. ముందు వేసిన అంకెను కొట్టేసి దాని మీద కొత్తది రాయరు. ఆ పద్ధతే పెట్టుకున్నాం. కరెంటు పనికి మేం అనుకున్నదానికంటే ఎక్కువైంది, రంగులకు తక్కువైంది. పాత గడి అలాగే ఉంచడం వల్లే ఇది కనిపిస్తోంది.

ఇప్పుడు మా అమ్మాయి కోసం మీద ఇంకో అంతస్తు వేద్దామనుకుంటున్నాం. కొత్త పేజీ మొదలుపెట్టాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి ఆ ధర మార్చాను. పునాది ఖర్చు ఉండదు. మెట్లు, సామాను పైకి మోసే కూలి కొత్తగా చేరాయి. లోను కింద రెండు వరసలూ వేశాను. రెండోది ఈసారి పది శాతానికి. ఆ వరస చూసి అమ్మాయి, "కిస్తు నేనూ పంచుకుంటా, నా జీతం కూడా వేసుకోమ్మా" అంది. వేశాను, కానీ సగమే.