అశోకా రోడ్డు మహలు, నార్కట్‌పల్లి గ్యారేజీ

ఢిల్లీలో ఇండియా గేట్ చుట్టూ తిరిగి అశోకా రోడ్డు మొదట్లోకి రాగానే హైదరాబాద్ హౌస్ కనిపిస్తుంది. పైన గుమ్మటం, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలాంటి కట్టడం, గేటు దగ్గర కాపలా. ఢిల్లీ వచ్చే తెలుగువాళ్లు చాలామంది దాని ముందు నుంచే వెళతారు. కానీ ధ్యాసంతా పక్కనున్న ఆంధ్రా భవన్ క్యాంటీన్ మీదే. పప్పు, సాంబారు, గోంగూర పచ్చడి పిలుస్తుంటే మహలును ఎవరు చూస్తారు?

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కోసం ఎడ్విన్ ల్యూటెన్స్ రూపకల్పన చేసిన ఈ భవనం 1928లో పూర్తయింది. మొత్తం 36 గదులు. నేటి రాష్ట్రపతి భవన్‌ను గీసిందీ ల్యూటెన్సే. ఇంత చేసి కట్టించినా నిజాం కుటుంబం ఇక్కడ గడిపిన రోజులు తక్కువే. సంస్థానం విలీనమయ్యాక భవనం కేంద్రం చేతికి వచ్చింది. ఇప్పుడు విదేశీ అధినేతలతో ప్రధానమంత్రి చర్చలు జరిపేది ఇక్కడే. టీవీల్లో కరచాలనాల దృశ్యాలు చూస్తుంటాం. సామాన్యుడికి మాత్రం గేటు దాకానే దారి.

మహలు పూర్తయిన నాలుగేళ్లకు అదే సంస్థానం మరో పని మొదలుపెట్టింది. దాని గురించి తెలుసుకోవాలంటే అశోకా రోడ్డు వదిలి నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లికి రావాలి.

అంతవరకూ ఒక కంపెనీ నడుపుతున్న రైల్వేను నిజాం ప్రభుత్వం 1930లో కొనేసింది. రైలు వెళ్లని ఊళ్ల సంగతేమిటన్న ప్రశ్నకు జవాబుగా 1932 జూన్ 15న రైల్వేలోనే రోడ్డు రవాణా విభాగం పుట్టింది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. తొలి డిపోలు మూడు: కాచిగూడ, కాజీపేట, నార్కట్‌పల్లి. మొదటి రెండూ రైల్వే స్టేషన్లున్న చోట్లు. నార్కట్‌పల్లికి అప్పటికి రైలే లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బాటలో, నల్లగొండకు మళ్లే చోట ఉన్న చిన్న ఊరది. ఆ కూడలే దాని బలం.

డిపో అంటే బస్సులు రాత్రి నిద్రపోయే చోటు మాత్రమే కాదు. కడగాలి, నూనె మార్చాలి, పంక్చర్లు వేయాలి, పొద్దున్నే టైముకు బండి బయల్దేరాలి. బస్సులేమో స్కాట్లాండ్‌లోని అల్బియాన్ కంపెనీవి. రైలు లేని ఊళ్లో ఒక చిన్న విడిభాగం అరిగినా అది రోడ్డు మీదే రావాలి. బండి ఆగితే ప్రయాణికుడి గతి మళ్లీ ఎడ్లబండి, లేదంటే కాలినడక. అందుకే ఆ గ్యారేజీలో స్పానర్ పట్టుకున్న మనిషి పనితనం మీదే చుట్టుపక్కల ఊళ్ల ఆస్పత్రి, కోర్టు, సంత ప్రయాణాలన్నీ ఆధారపడ్డాయి.

ఆ విభాగం 1951 నవంబర్ 1న రైల్వే నుంచి విడిపోయింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. రాష్ట్ర విభజన తర్వాత అదీ రెండయింది. తొలినాటి అల్బియాన్ బస్సు ఒకదాన్ని హైదరాబాద్‌లో భద్రంగా ఉంచారు. బస్సుల నెంబర్లలో కనిపించే ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జెహ్రా బేగం పేరులోదని ఆర్టీసీలో చెప్పుకుంటారు.

పంపకాలు అశోకా రోడ్డునూ వదల్లేదు. హైదరాబాద్ హౌస్ పక్కనున్న ఆంధ్రా భవన్, పటౌడీ హౌస్ స్థలాల లెక్క తేలడానికి దాదాపు పదేళ్లు పట్టింది. 2024 మార్చిలో వచ్చిన కేంద్రం ఉత్తర్వులతో సుమారు 19.78 ఎకరాల్లో తెలంగాణకు 8.24, ఆంధ్రప్రదేశ్‌కు 11.53 ఎకరాలు దక్కాయి. రాజధాని నడిబొడ్డున ప్రతి గజానికీ విలువ ఉంది కాబట్టి ఆ పట్టింపు సహజమే.

కానీ నిజాం కాలం నుంచి మనకు దక్కిన వారసత్వాన్ని ఎకరాల్లోనే కొలిస్తే నార్కట్‌పల్లి లెక్కలోకే రాదు. మహలును ఆయన తన కోసం కట్టించుకున్నారు, వాడుకున్నది తక్కువ. బస్సు జనం కోసం వచ్చింది, జనం ఇప్పటికీ ఎక్కుతూనే ఉన్నారు. విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి ఇప్పుడు రెండు నిమిషాల్లో దాటిపోతుంది. ఈసారి అటు వెళితే కిటికీలోంచి ఒకసారి చూడండి. మన పల్లె బస్సు బయల్దేరిన మూడు చోట్లలో అదొకటి.