మా అద్దాల వసారా



ఇంగ్లండున అనేక గృహములకు వెనుకప్రక్క, పెరటి వైపున, నొక అద్దాల గది యుండును. దానిని కన్సర్వేటరీ యందురు. మూడు ప్రక్కల గాజు. పైన గాజైన నుండును, బోలుగా నుండు పాలికార్బొనేటు పలకలైన నుండును. క్రొత్తగా చూచినవారికి మయసభ జ్ఞప్తికి వచ్చును. కాపురమున్నవారికి మాత్రము అది వేసవిలో కుమ్మరి ఆవము, చలికాలమున మంచుగడ్డ. ఏటికి రెండుమూడు నెలలు మనుష్యులు కూర్చుందురు. తక్కిన కాలమంతయు విఱిగిన కుర్చీలును, పిల్లల పాత సైకిళ్లును అందు నివసించును. మేము కొన్న పాత యింటికి నిట్టిదే కలదు. మావారు ఇచ్చటి పాఠశాలలో గణితము చెప్పుదురు. ఆ గదిని పన్నెండు నెలలును పనికివచ్చునట్లు చేసికొన్న విధమును, అందులకు గలిగిన కారణమును వ్రాయుచున్నాను. స్వదేశమున మేడమీద గాజుకప్పు వేయించుకొన దలచిన సోదరీమణులకును ఇందు కొంత అక్కఱకు రావచ్చును.

కారణము మా అత్తగారు. గోదావరి పల్లెలో ఆమెకు దినమంతయు వీధి వసారాలోనే గడచును. బియ్య మేరుట, భాగవతము చదువుకొనుట, దారిని బోవువారిని పలుకరించుట, అన్నియు నచ్చటనే. రెండేండ్ల క్రిందట అక్టోబరులో మాయొద్దకు వచ్చిరి. సందర్శకులు ఒక్కసారికి ఆఱు నెలలవఱకు ఉండవచ్చును. ఆమె యేడు వారములకే ప్రయాణము కట్టిరి. "తలుపులన్నీ బిగించిన ఇంట్లో నాకు పొద్దు పొడిచిందో గుంకిందో తెలియడం లేదమ్మాయీ. ఈసారి మీరే రండి" అనిరి. మేమే వెళ్లుట సులభమా! మావారికి తీఱిక బడి సెలవులలోనే. విమానపు టిక్కెట్ల ధరలు మండిపోవుటయు నప్పుడే. నలుగురము వెళ్లుటకు రెండేండ్లుగా కూడబెట్టిన సొమ్ము కొంత యుండెను. దానితో మేము పోవలయునా, ఆమె వచ్చి యుండగలుగునట్లు ఆ గదిని బాగుచేయింపవలయునా యని మాలో చాల దినములు తర్జనభర్జన జరిగినది. బాగుచేయించిన పిమ్మట ఆమె రాకపోయినచో సొమ్మును పోవును, చూపును పోవును.

ఈ గదుల పుట్టుక విచిత్రము. పూర్వము శీతదేశపు శ్రీమంతులు నారింజచెట్లను చలినుండి కాపాడుటకు పెద్ద కిటికీల మందిరములు కట్టించిరి. ఇంగ్లండున గాజుపై నున్న సుంకము 1845లో తీసివేయబడెను. ఆ కాలముననే, 1844-48 నడుమ, క్యూ ఉద్యానమున తాళజాతి వృక్షముల కొఱకు గాజుమందిరము లేచినది. 1851లో లండను హైడు పార్కున స్ఫటికసౌధము వెలసినది. అనగా నిది మొదట చెట్ల కొఱకు కట్టిన యిల్లు. మనుష్యులు తరువాత చేరిరి. మన కరివేప నారింజ కుటుంబమునకు చెందినదే యని తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చినది. ప్రతి చలికాలమును ఆకు రాల్చి మోడగుచున్న మా కుండీలోని కరివేప తన జ్ఞాతుల యింటికే చేరవలసియున్నదన్న మాట!

వచ్చి చూచిన పనివారు గాజుకప్పు వలదు, వేడి నాపు గట్టి కప్పు వేయుడనిరి. నాకు మనసొప్పలేదు. ఆకాశము కావలయునన్న ఆమె నెత్తిమీద మఱియొక మూత వేయుట యేమి? అప్పుడు మావారు కాగితము తీసి త్రిభుజములు గీచిరి. లండను ప్రాంతమున డిసెంబరు మూడవ వారమున మధ్యాహ్నసూర్యుడు దిఙ్మండలమునకు 15 డిగ్రీలు మాత్రమే పైకెక్కును; జూనులో 62 డిగ్రీలు. విజయవాడలో డిసెంబరున సైతము 50 డిగ్రీలుండును. మా గది దక్షిణముఖము. కావున ఇచ్చటి చలికాలపు టెండ ప్రక్క అద్దములనుండి అడ్డముగా లోనికి వచ్చును. కాల్చివేయు వేసవి యెండ కప్పునుండి దిగును. గట్టి కప్పు వేసినచో కావలసిన యెండ వచ్చును, వలదన్న యెండ ఆగును. ఇంతకు నిది మన చూరు చేయు పనియే కదా! నడు మెత్తున వంగిన ఆ తాటాకు చూరు కట్టినవాడు త్రిభుజము లెఱుగడు గాని యెండ నెఱుగును. నేను సమ్మతించితిని. అయినను కప్పంతయు మూసినచో వెనుక నున్న గది చీకటి యగును గనుక నడుమ రెండు చోట్ల గాజు పెట్టించితిమి. ఆ ఆకాశము నా వాటా.

ఇట్టి మార్పునకు ముందు పాత చట్రమును, పునాదియు క్రొత్త బరువును మోయునో లేదో చూడవలయును; స్థానిక భవన నియంత్రణ శాఖవారి యంగీకారమును పొందవలయును. 30 చదరపు మీటర్లకు మించక, ఇంటికిని దానికిని నడుమ బయటి తలుపువంటి తలుపు కలిగి, ఇంటి వేడిగొట్టములతో సంబంధము లేని కన్సర్వేటరీకి సాధారణముగా ఆ నిబంధనలనుండి మినహాయింపు కలదు. కప్పు మార్చినను, నడిమి తలుపు తీసివేసినను వేఱు మాట. తలుపు తీసివేసి గదులను కలిపివేయుడని చెప్పువారు పలువు రుందురు, వినవలదు. రాత్రి ఆ తలుపు మూసినగాని యింటి వెచ్చదనము నిలువదు.

ప్రక్కల కొత్త అద్దములు జంట పలకలవి. నడుమ 16 మిల్లీమీటర్ల యెడము, అందు ఆర్గాను వాయువు, లోపల కంటికి కానరాని లోహపు పూత. ఆ పూత వెలుతురును రానిచ్చి, లోని వస్తువులు వెలువరించు వేడిని తిరిగి లోనికే త్రిప్పును. పాత సిమెంటు నేలపై వేడి నాపు పలకలు పఱచి, వానిపై చెక్క వేయించితిమి. చలి పాదములనుండి యెక్కును గాన పెద్దవారికి కప్పుకంటె నేలయే ముఖ్యమని నా యభిప్రాయము. దీనికి మాత్రము నేను బేరమాడలేదు. వేసవికి క్రింద నొక కిటికీ, పైన తెఱచుకొను గాజు. రెండును తెఱచినగాని ఫలము లేదు: వేడిగాలి పైనుండి పోవును, చల్లనిది క్రిందనుండి చేరును. తడిబట్టలు మాత్రము అందు ఆరవేయకుడు. ఆవిరి చల్లని గాజుమీద నీరై కారి, మూలల బూజు పట్టును.

కాళిదాసుని ఋతుసంహారమున శిశిరవర్ణనలో మూసిన కిటికీలును, సూర్యకిరణములును ఒక్కచోటనే ప్రియవస్తువులుగా చెప్పబడినవి. మా నాయనగారియొద్ద చదువునాడు, కిటికీ మూసినచో కిరణ మెట్లు వచ్చునని యడిగి చీవాట్లు తింటిని. ఇప్పుడు జనవరిలో పదునొకండు గంటలకు అత్తగారి యొడిలోని చేటమీద ఎండ పడుచుండగా నాకు ఉత్తరము దొరికినది.

ఆమె ఈసారి నవంబరులో వచ్చిరి. ఒక ప్రక్క తులసికుండీ, ఒక ప్రక్క కరివేప, నడుమ పడకకుర్చీ. కంచె కావలి యింటి ముసలమ్మ చేయి యూపును; ఈమెయు ఊపుదురు. అంతకు మించి యిరువురకు భాష లేదు. "అంతా బాగానే ఉంది గాని వీధి కనపడదేం?" అని మొన్న మరల అనిరి. వీధి ఇంటికి ముందున్నది, గది వెనుకనున్నది. దానికి మయుడైన నేమి చేయగలడు? తిరుగు టిక్కెట్టు ఏప్రిలు నెలకున్నది. దానిని ముందునకు జరుపుమని యింతవఱకు అడుగలేదు.