ఉద్యోగమూ, చాకిరీనూ

నలుగురు ఆడవాళ్ళు కలిస్తే చీరలూ నగలూ తప్ప మాట్లాడుకోరని ఎవరు పుట్టించారో గాని, వారు ఏ కాలేజీ స్టాఫ్ రూములోనూ మధ్యాహ్నం పూట కూర్చుని ఉండరు. మాకు భోజనాలకిచ్చే విరామం నలభై నిమిషాలు. అందులో చీరల వంతు, పండగల ముందు తప్ప, రెండు నిమిషాలు మించదు. తక్కినదంతా ఉద్యోగమూ, ఇంటి చాకిరీనూ. అవైనా విడివిడిగా రావు. పప్పూ అన్నమూ కలిసినట్టు కలిసే వస్తాయి.

మా వృక్షశాస్త్రం ఆవిడ "తనిఖీ సంఘంవారికి అయిదేళ్ళ కాగితాలూ కంప్యూటర్లోకి ఎక్కించాలిట, వదినగారూ" అని మొదలుపెడుతుంది. "ఎక్కించేసరికి రాత్రి పదకొండు దాటింది. పొద్దున్నే లేచి చూద్దును గదా, ఇడ్లీపిండి పొంగి గట్టంతా కారిపోయింది" అని ముగిస్తుంది. ఇందులో కాలేజీ బాధ ఎంత, ఇంటి బాధ ఎంత అని గీత గీయడం ఎవరి తరం? ఆ కాగితాలే లేకపోతే ఆవిడ పది గంటలకే పిండిని పెద్దగిన్నెలోకి మార్చేసి ఉండేది.

నా గోడు వేరు. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. వాడుకభాష కోసం ఆయన పడ్డ పాట్లు పిల్లలకు చెబుదామని రెండు రోజులు కూర్చుని తయారై వెళ్ళాను. మాట్లాడడం మొదలుపెట్టి అయిదు నిమిషాలు కాలేదు, ఫోటోలు తీసే కుర్రాడు వచ్చి, "మేడమ్, బ్యానరు కనబడ్డం లేదు, కాస్త పక్కకి జరగండి" అన్నాడు. ఫోటోలో తేదీ పడాలిట, అక్షాంశ రేఖాంశాలు పడాలిట. గిడుగువారు పడకపోయినా ఫరవాలేదు. ఈ సంగతి మా గదిలో చెబితే అందరూ విరగబడి నవ్వేరు. నేనూ నవ్వేను. చెప్పేదాకా మాత్రం నాకది నవ్వులాట విషయంగా లేదు. స్నేహితుల దగ్గర చెప్పుకోవడంలో ఉన్న సుఖం అదే కాబోలు.

ఆ మాటకొస్తే ఈ మాటల సంగతే చిత్రం. క్లాసులో ఉద్యోగపర్వం చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడొకడు, "ఇందులో ఎవరికి ఉద్యోగం వచ్చిందండీ?" అన్నాడు. ఎవరికీ రాలేదు నాయనా, వచ్చింది యుద్ధం అన్నాను. ఉద్యోగమంటే అక్కడ ప్రయత్నం, సన్నాహం. తరవాత అదే మాట నెలజీతానికి పేరై కూర్చుంది. చాకిరీ కథ దీనికి ఎదురు. అది పారశీకం నుంచి వచ్చింది. చాకరు అంటే సేవకుడు. బెంగాలువాళ్ళకి ఈనాటికీ 'చాక్రి' అంటే జీతమొచ్చే కొలువే. వాళ్ళ పిల్లాడికి చాక్రి వస్తే మిఠాయిలు పంచుతారు. మనదగ్గరికి వచ్చేసరికి ఆ జీతం ఎక్కడ రాలిపోయిందో! గొడ్డుచాకిరీ, వెట్టిచాకిరీ, ఇంటిచాకిరీ. ఒక్కదానికీ ఒకటో తారీఖు లేదు.

మా అందరిలోకీ చిన్నది కామర్సు అమ్మాయి. దానికి ఏ విషయమైనా అంకెల్లో చెబితేగాని తోచదు. ఓనాడు ఫోను చూసి చదివింది. 2019లో కేంద్ర గణాంక శాఖవారు దేశమంతటా జనం రోజంతా ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో లెక్క తీశారు. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. చేసే మొగవాళ్ళు 97 నిమిషాలు. 'చేసే మొగవాళ్ళు' అన్నమాట మరిచిపోకండి. ఏ రోజు చూసినా నూటికి 26 మందే ఆ లెక్కలోకి వచ్చారు. తక్కినవారు ఆ రోజున గరిటె ముట్టనే లేదు. మళ్ళీ 2024లో తీస్తే ఆడవాళ్ళ నిమిషాలు 289కి దిగాయి. సంతోషించబోతున్నాం, మొగవాళ్ళవీ 88కి దిగాయని చదివింది.

"మనకి పది తగ్గితే వారికి తొమ్మిది తగ్గాయన్నమాట. న్యాయమే" అన్నారు లైబ్రరీ పిన్నిగారు, మజ్జిగన్నం కలుపుకుంటూ. ఆవిడకు వయస్సు అరవైకి దగ్గర. అందరికీ పిన్నిగారే.

ఇంతకూ ఆ అంకెల పుణ్యమా అని మేమూ వారం రోజులు తలా ఒక చిన్న పుస్తకంలో లెక్కలు రాసుకుందామనుకున్నాం. వంట ఇన్ని నిమిషాలు, బట్టలు మడవడం ఇన్ని నిమిషాలు అని. మూడు రోజులు బాగానే సాగింది. నాలుగోనాడు లెక్కల మేడమ్‌ పుస్తకం చూస్తే అంచుల వెంట ఏవేవో చిన్న అక్షరాలతో రాసుకుంది. చింతపండు నిండుకుంది. అత్తయ్యకి రక్తపోటు మాత్రలు నాలుగే ఉన్నాయి. పాలవాడికి రెండు రోజులు నాగా. చంటాడి పరీక్ష ఫీజుకి గురువారం గడువు. గ్యాసు బండ తేలికగా ఉంది.

"వీటిని ఏ గడిలో రాయాలో తెలియలేదే. బండ తేలికైందని తోచడానికి ఎన్ని నిమిషాలు వెయ్యను?" అంది.

ఆ ప్రశ్నకు మాలో ఎవరికీ జవాబు లేకపోయింది. నిజానికి నాకు ఆ వారంలో దొరికిన అసలు లెక్క అదొక్కటే. పని చేతులతో చేస్తామనుకుంటాం గాని, ఇంటిపనిలో సగం తలలో జరుగుతుంది. పాఠం చెబుతున్నా జరుగుతుంది, సంతకాలు పెడుతున్నా జరుగుతుంది. గిన్నెలు తోమడానికి పనిమనిషి దొరకవచ్చు. గుర్తుపెట్టుకోవడానికి దొరకదు.

ఇదంతా వింటున్న చరిత్ర మాస్టారు పాపం మంచి మనిషి. "నా మట్టుకు నేను ఇంట్లో ఏం చెబితే అది చేస్తానమ్మా. కూరలు తరుగుతాను, బట్టలారేస్తాను. చెప్పడమే ఆలస్యం" అన్నారు.

"ఆ చెప్పడమే అసలు పని, మాస్టారూ" అంది లెక్కల మేడమ్‌. ఎప్పుడూ మెత్తగా మాట్లాడే మనిషి, ఆ మాట కాస్త గట్టిగానే అంది. అని, కారియరు సంచీలోంచి ఒక కాగితం తీసి బల్లమీద పెట్టింది. స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు! టైపు కూడా చేయించింది. తేదీ ఒక్కటే వెయ్యలేదు.

నవ్వులన్నీ అక్కడితో ఆగిపోయాయి. సంక్రాంతి ముందు వాళ్ళ అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారనీ, ఆపరేషనైనా ఇంకా మంచం దిగలేదనీ మాకు తెలుసు. వ్యవహారం ఇంతదాకా వచ్చిందని తెలియదు. సర్వీసు 20 ఏళ్ళు నిండితే మూడు నెలల నోటీసిచ్చి మానుకోవచ్చు. ఆవిడకు 21 నిండాయి. మాస్టారికి రూల్సన్నీ కంఠోపాఠం. మన రాష్ట్రంలో 2022లో విరమణ వయస్సు 62కి పెంచారు గనక ఆవిడ పోగొట్టుకునేది పదహారేళ్ళ సర్వీసని చెప్పి, పెన్షనుకు వచ్చే తేడా కూడా కాగితంమీద వేసిచ్చారు. ఎవ్వరమూ మానమనీ అనలేదు, మానవద్దనీ అనలేదు. ఆవిడ ఇల్లు ఆవిడది. మంచంమీద మనిషి ఉన్న ఇంటికి బయటివాళ్ళు సలహాలివ్వడమంత తేలిక మరొకటి లేదు.

చాలాసేపటికి పిన్నిగారు మాత్రం ఒకటడిగారు. "ఉద్యోగం మానేస్తే అవన్నీ గుర్తుపెట్టుకోవడం కూడా మానేస్తావా, అమ్మాయీ?"

ఆవిడ కాగితం మడిచి సంచీలో పెట్టేసుకుంది. గంట కొట్టారు. ఎవరి క్లాసులకు వాళ్ళం పోయాం.

వాళ్ళాయన బ్యాంకులో పనిచేస్తారు. ఊళ్ళో వందమంది ఖాతాల సంగతి నాలికచివరనుంటుంది. ఇంటి పాలఖాతా మాత్రం ఎన్నడూ ఎరగరు. ఆ రాత్రి ఈవిడ ఆ దరఖాస్తు ఆయన ముందుంచిందిట. ఆయన రెండుసార్లు చదివి, "నేను సాయం చేస్తూనే ఉన్నాను గదా" అన్నారుట. సాయం వద్దు, మూడు పనులు పూర్తిగా మీవని పుచ్చుకోండి అందిట ఈవిడ. అమ్మగారి మందులు, పాలూ గ్యాసూ, పొద్దుటి ఫలహారం. మీరు నన్ను అడగకూడదు, నేను మీకు గుర్తుచెయ్యకూడదు. మూడు నెలలు చూద్దాం.

ఈ రెండు షరతుల్లోనూ రెండోదే కష్టంగా ఉందని మాతో చెప్పింది. రాత్రి పదింటికి పప్పు నానలేదని కనబడుతూనే ఉంటుంది, నోరు కుట్టేసుకుని పడుకోవాలి. మొదటివారం వాళ్ళింట్లో మూడు రోజులు అటుకులే ఫలహారం. ఓనాడు అత్తగారికి ఉదయం వెయ్యవలసిన మాత్ర పదకొండింటికి పడింది. ఆ కబురు విని నా గుండె గుభేలుమంది. వేళ దాటితే పెద్దావిడకు ఏమౌతుందోనని ఆవిడకూ బెంగే. ఆయన ఆ సాయంత్రమే ఏడు రోజులకూ ఏడు అరలున్న మాత్రల పెట్టె కొనుక్కొచ్చారుట. ఎవరూ చెప్పలేదు.

మొన్న సోమవారం కారియరు తెరుస్తూనే తనలో తను నవ్వుకుంటోంది. ఏమిటే అన్నాం.

"ఆదివారం మూడు గ్లాసుల మినప్పప్పు నానబోశారు. ఇడ్లీరవ్వ డబ్బా ఖాళీ అని రుబ్బాక తెలిసింది. రాత్రి తొమ్మిదిన్నర."

"మరి నువ్వేం చేశావు?" అంది వృక్షశాస్త్రం ఆవిడ, సగం లేచి నిలబడి, తనింటి సంగతే అయినట్టు.

"నేనా? పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి గారెలు వండేరు."

డబ్బా మూత తీసింది. ఒక్కదానికీ నడిమి చిల్లు లేదు. ఉప్పు కాస్త ముందుంది. అయినా అందరం తిన్నాం. మాస్టారు రెండు తిన్నారు.

"ఆ కాగితమో?" అన్నారు పిన్నిగారు.

"సంచీలోనే ఉంది, పిన్నిగారూ. ఇంకా రెండు నెలలుంది" అని గారెల డబ్బా ఆవిడ వైపు జరిపింది.