సాంధన్ లోయలో రెండు దినములు

మహారాష్ట్రమున సహ్యాద్రి పర్వతములలో సామ్రద్ అను చిన్న గ్రామము కలదు. బొంబాయినుండి కసారా, ఘోటీల మీదుగా భండారదర చేరి, ప్రవరానదిపై 1926లో ముగిసిన ఆనకట్టయొక్క జలాశయమును చుట్టి పోయినచో ఈ యూరు వచ్చును. ఊరి వెలుపల నేల హఠాత్తుగా చీలియుండును. ఆ చీలికయే సాంధన్ లోయ. కొంతదూరము దిగి చూచి మరలిపోవువారే యెక్కువ. మేము మాత్రము దానిలో కడవఱకు దిగి, ఆవల పల్లమున నున్న డేహణే గ్రామము చేరవలెనని పోయితిమి.

మేము నలుగురము. మాలో వదినగారికి ఏబదిరెండేండ్లు, పైగా మోకాళ్ళనొప్పి. "మీరు కొండలు చూచి వచ్చువఱకు నేను వంటయింట కూర్చుండవలెనా?" యని బయలుదేరిరి. చీరతో త్రాడు దిగుట కుదరదనగా, కోడలి పైజామా తొడిగికొని అద్దములో చూచుకొని తామే నవ్విరి. మోకాళ్ళు నొచ్చువారు ముందుగా వైద్యుని అడుగుట మేలు. మేము అడుగలేదు.

అది డిసెంబరు మాసము. వర్షకాలమున ఈ చీలిక యేఱై పాఱును గనుక అప్పుడు దిగుట ప్రాణాపాయము. లోయ పొడవు ఇంచుమించు రెండు కిలోమీటర్లు. ఇరుప్రక్కల గోడలు రెండువందల అడుగులకు పైబడి లేచియున్నవి. సుమారు ఆఱున్నరకోట్ల యేండ్లనాడు భూగర్భమునుండి పొంగి గడ్డకట్టిన నల్లరాయి యిది. దొంతిపెట్టిన అట్లవలె పొరలు పొరలుగా నున్నది. ఎండ లోపలికి దిగునది మధ్యాహ్నమున కొంతసేపే. దారిలో రెండు నీటిమడుగులు. రెండవదానిలో నడుముదాఁక నీరు. ఆ చలి నిప్పటికిని మఱవలేదు.

బండలపై ప్రాకి ప్రాకి పోగా, కాళ్ళక్రింద నేల తెగిపోయినట్లయినది. నలువదియైదడుగుల దిగుడు! నడుమునకును తొడలకును పట్టీలు బిగించి, తలకు టోపీ పెట్టిరి. ఎనిమిదంకెవంటి లోహపుబిళ్ళలో త్రాడు మెలికపడియుండును; ఆ రాపిడియే బరువును ఆపును. క్రిందిచేతితో త్రాటిని బిగబట్టినచో నిలుతుము, సడలించినచో దిగుదుము. జాగ్రత్తకై మఱియొక త్రాడును కట్టుదురు.

"అందఱు దిగినపిమ్మట త్రాడు లాగివేయుదుము. ఇఁక వెనుకకు దారి యుండదు. మరలఁదలచినవారు ఇప్పుడే చెప్పుఁడు" అనెను దింపువాఁడు. మేమందఱము వదినగారివైపు చూచితిమి.

"ముందు నేనే దిగెదను. మీరు దిగుట చూచుచు నిలిచినచో నా ధైర్యము కరగిపోవును" అనిరి.

సగము దిగినపిమ్మట ఆమె భయపడి రాతిని కౌఁగిలించుకొనిరి. వెంటనే కాళ్ళు జాఱి, మోకాలు బండకు తగిలి, గాలిలో వ్రేలాడిరి. పైనుండి మేము తలకొక సలహా కేకవేసితిమి. అది మా తప్పు. దింపువాఁడు మమ్ము ఊరకుండుఁడని కసరి, "అమ్మా, పీటపై కూర్చున్నట్లు వెనుకకు వాలుఁడు" అని మెల్లగా చెప్పెను. క్రిందినుండి సామ్రద్ కుఱ్ఱవాఁడొకఁడు "ఘాబరూ నకా, తాయీ" అనుచుండెను. ఆమెకు మరాఠీ రాదు. ఆ గొంతు మాత్రము తెలిసినది. రాతిపైనున్న చేయి ఒక్కొక్క వ్రేలుగా విడిచిరి. వెనుకకు వాలిరి. పాదములు బండకు అంటుకొన్నవి.

చివరివాఁడు దిగి త్రాడు లాఁగగా, అది పైనుండి సఱ్ఱున వచ్చి మాముందు కుప్పగా పడినది. కొంతసేపు ఎవ్వరమును మాటాడలేదు.

మఱి రెండు చిన్న దిగుళ్ళు గడచి, రాత్రి లోయలోనే గుడారములు వేసికొంటిమి. ఊరివారు వండిన సెనగపిండి పిఠలా, బియ్యపురొట్టె మిక్కిలి రుచిగానుండెను. వాపెక్కిన మోకాలికి తడిగుడ్డ చుట్టుకొనియే వదినగారు పిఠలా చేయువిధ మడిగి తెలిసికొనిరి. మఱునాఁడు డేహణేదాఁక బండలలో నడక త్రాటికంటె కష్టము. కఱ్ఱ ఊతగా ఆమె అందఱికంటె వెనుక వచ్చిరి గాని, మోయించుకొనుటకు ఒప్పుకొనలేదు.

ఆ పైజామా కోడలికి ఇంకను తిరిగి యియ్యలేదు.