బాపు ఇంజను

బాపు కాజీపేట షెడ్డులో ఫిట్టర్. చిన్నాయన లండన్ నుంచి తెచ్చిన పాత హార్న్‌బీ బొమ్మ ఇంజన్ని నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక, డిజిటల్ డీకోడర్ పెడదామని విప్పాను.

ఇలాంటి పాత మోటార్లలో ఒక బ్రష్ ఛాసిస్‌కే కలిసి ఉంటుంది. విడదీయకుండా డీకోడర్ తగిలిస్తే అంతే సంగతులు. తగిలించాను. మూడు వేలు, చిటికెడు పొగ.

రెండోసారి బ్రష్ స్ప్రింగుకి సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడిగాను. ఎరుపు, నలుపు వైర్లు పట్టాల వైపు, నారింజ, బూడిదరంగువి మోటారుకి. గేర్ల దగ్గర బాపు పెట్టిన గ్రీజు ఎండి నల్లబడింది. తుడవాలి. ఒక్కచోట వదిలేశాను (మెకానిక్కులు నవ్వుతారు).

డిజిటల్లో పట్టాలమీద కరెంటు ఎప్పుడూ ఉంటుంది, పేరుపెట్టి పిలిచిన ఇంజనే కదులుతుంది. కొత్త డీకోడర్ నంబరు 3. నొక్కాను. గుర్రుమంటూ కదిలింది.

వంటింట్లోంచి అమ్మ: "మెల్లగరా, మీ బాపు చూస్తే తిడతడు."