అరువు తెచ్చుకున్న లయ

హౌస్ సంగీతం 1980 దశకం తొలినాళ్ళలో అమెరికాలోని షికాగో నగరంలో, ప్రధానంగా నల్లజాతి యువకులు చేరే నృత్యశాలల్లో పుట్టింది. ‘వేర్‌హౌస్’ అనే నృత్యశాల పేరులోని ఉత్తరార్ధమే దానికి పేరయిందంటారు. ఆ లయను లండన్‌లోని బ్రిక్స్‌టన్ ప్రాంతంలో అందిపుచ్చుకున్న జంట ఫీలిక్స్ బక్స్‌టన్, సైమన్ రాట్‌క్లిఫ్. 1994లో ‘బేస్‌మెంట్ జాక్స్’ పేరుతో ఒకటై, ‘అట్లాంటిక్ జాక్స్’ అనే సొంత రికార్డుల సంస్థను నెలకొల్పారు. 1999లో ‘రెమెడీ’, 2001లో ‘రూటీ’ ఆల్బమ్‌లు వారికి ఖ్యాతి తెచ్చాయి. 2003 నాటి ‘కిష్ కాష్’కు 2005లో గ్రామీ బహుమతి లభించింది. ఎలక్ట్రానిక్ నృత్యసంగీత ఆల్బమ్‌కు ఆ బహుమతి ఇవ్వడం అదే మొదలు.

‘రూటీ’లోని ‘రోమియో’ పాటకు తీసిన వీడియో చిత్రం హిందీ సినిమా నృత్యాల పోకడలో సాగుతుంది. దానిని చూసినప్పుడు నాకు సంతోషమూ, శంకా ఒక్కసారే కలిగాయి. మన కళను గౌరవించారా, లేక అలంకారంగా వాడుకున్నారా? షికాగో వారూ ఇదే ప్రశ్న వేయవచ్చు. అయితే, ఐరోపా నుంచి వచ్చిన వయొలిన్ లేని కర్ణాటక కచేరీని, హార్మోనియం లేని పద్యనాటకాన్ని మనం ఊహించగలమా? అరువు తెచ్చుకోవడం దోషం కాదు. ఇచ్చినవారిని మరచిపోవడమే దోషం. అందుకే ఈ నాలుగు మాటలను లండన్‌తో కాక షికాగోతో ఆరంభించాను.