ఆస్ట్రేలియాలో పదహారు, కాటారంలో పదమూడు

మా ఇంట్లో ఆస్ట్రేలియా అంటే క్రికెట్. లేదంటే మా అక్క ఉండే మెల్‌బోర్న్‌లో చలెంత, ఇంటద్దె ఎంత... అంతకు మించి చర్చ ఉండదు. అలాంటిది 2026 జనవరిలో మేడారం జాతరకని ఇంటికెళ్తే, బ్యాగు కింద పెట్టక ముందే మా అమ్మ "అక్కడ పిల్లల ఫోన్లు బంద్ చేసిండ్రటగదరా, పిల్లగాడు మంచిగనే ఉన్నడా?" అని అడిగింది. ఫోన్లు కాదమ్మా, ఇన్‌స్టాగ్రామ్ అని చెప్పా. "గదే గదే" అంది. మనవడి ఇన్‌స్టాగ్రామ్ పోతే అమ్మమ్మకి ఇంత బెంగా అని తెగ నవ్వుకున్నా. ఆ నవ్వు రెండ్రోజులు కూడా నిలవలేదు.

అన్నట్టు, మా ఊరు కాటారం. ఎక్కడంటారా? కాళేశ్వరం ఎప్పుడైనా వెళ్ళారా? మంథని మీదుగా వెళ్ళినా, భూపాలపల్లి మీదుగా వెళ్ళినా మా ఊరు దాటే వెళ్ళుంటారు. చాయ్ కూడా తాగుంటారు, పేరు మాత్రం చూసుండరు. 2016 దాకా కరీంనగర్ జిల్లా, తర్వాత భూపాలపల్లి జిల్లా. నియోజకవర్గం మంథని. 2023 డిసెంబర్‌లో రాష్ట్రానికి ఐటీ మంత్రి అయిన శ్రీధర్‌బాబు గారు గెలిచింది అక్కడి నుంచే. కాబట్టి ఐటీ విషయాల మీద ఉచిత సలహాలిచ్చే హక్కు మా ఊరోళ్ళకి కాస్త ఎక్కువే ఉందని నా వాదన :)

సరే, అసలు విషయం. ఆస్ట్రేలియా పార్లమెంటు 2024 నవంబర్ చివర్లో ఒక చట్టం పాస్ చేసింది. పదహారేళ్ళు నిండని పిల్లలకి సోషల్ మీడియాలో అకౌంట్ ఉండకూడదు. 2025 డిసెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి జాబితాలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, థ్రెడ్స్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, ఎక్స్, యూట్యూబ్, రెడ్డిట్, కిక్, ట్విచ్... మొత్తం పది. వాట్సాప్‌ని వదిలేశారు, అందుకే మా అమ్మ వీడియో కాల్స్ బతికిపోయాయి. యూట్యూబ్ కూడా లాగిన్ కాకుండా చూసుకోవచ్చు. మొదటి నెల తిరిగేసరికి 47 లక్షల అకౌంట్లు పోయాయని వాళ్ళ ప్రభుత్వమే చెప్పింది. అందులో ఒకటి మా అల్లుడిది. వాడికి పద్నాలుగు.

జాతరకి బయల్దేరే ముందు రోజు అక్క వీడియో కాల్ చేసింది. వాడు ఒకటే గోల. "మామా, అంతా అన్యాయం. సెల్ఫీ తీసి వయసు చెప్పింది. నన్ను తీసేసింది. మా ఫ్రెండ్‌కి మీసం ఉందని వాణ్ణి వదిలేసింది!" మీసం విలువ నాకు ఇంజినీరింగ్‌లో కూడా ఇంత తెలియలేదు. పక్కనే కూర్చున్న మా అన్న బిడ్డ, ఎనిమిదో తరగతి, కిసుక్కున నవ్వి "నీకు మమ్మీ ఫోన్ లేదా బావా?" అంది.

అందరం నవ్వాం. కానీ నేను మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయా. ఎందుకంటే ఆ వయసు అడిగే పేజీలు రాసేది మనమే కదా!

రెండేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టులో నాకా టికెట్ వచ్చింది. "యూజర్ వయసు నిర్ధారించాలి." ఏం చేశానో చెప్పనా? ఒక డ్రాప్‌డౌన్, ఒక చెక్‌బాక్స్, ఒక బటన్. గంట కూడా పట్టలేదు. 1900లో పుట్టానని కొడితే నూట ఇరవై ఏళ్ళు దాటిన ముసలాయన హాయిగా లోపలికొస్తున్నాడని టెస్టింగ్ అమ్మాయి బగ్ వేసింది. "ప్రయారిటీ తక్కువ" అని పెట్టి మూసేశాం. ఆ పేజీ ఉన్నది పిల్లల్ని ఆపడానికి కాదు. రేపు ఏదైనా జరిగితే "మేం అడిగాం, వాడే అబద్ధం చెప్పాడు" అనడానికి. అంటే అబద్ధం బరువు మొత్తం పిల్లాడి నెత్తి మీద. కంపెనీ చేతులు శుభ్రం.

ఆస్ట్రేలియా వాళ్ళు తిప్పింది సరిగ్గా ఇక్కడే. పిల్లాడు దొంగ వయసుతో దూరితే పిల్లాడికి శిక్ష లేదు, అమ్మానాన్నలకీ లేదు. ఆపడానికి తగిన ప్రయత్నం చేయకపోతే కంపెనీకి 4 కోట్ల 95 లక్షల డాలర్ల దాకా జరిమానా. వాళ్ళ డాలర్లలోనే లెండి, అయినా మన రూపాయల్లో దగ్గర దగ్గర మూడొందల కోట్లు. పైగా ప్రభుత్వ గుర్తింపు కార్డు ఒక్కటే దారి అని కంపెనీ పట్టుబట్టకూడదు, వేరే మార్గం కూడా ఇవ్వాలి. ఆధార్ లేకపోతే అడుగు ముందుకు పడని మనకి ఇది కొంచెం వింతగానే ఉంటుంది. చట్టం మంచిదా కాదా అని అక్కడ కొట్లాట నడిచింది. పదిహేనేళ్ళ పిల్లలిద్దరు ఏకంగా హైకోర్టు మెట్లెక్కారు. ఆ గొడవ వాళ్ళది. నాకు మాత్రం శిక్ష ఎవరికి అన్న ఒక్క ముక్క బుర్రలో ఉండిపోయింది.

ఎందుకు ఉండిపోయిందో చెప్పాలంటే నా సంగతి కూడా చెప్పాలి. 2012లో నేను తొమ్మిదో తరగతి. బాపు నోకియా ఫోన్లో, చుక్క చుక్కగా వచ్చే టూజీలో ఫేస్‌బుక్ తెరిచా. పుట్టిన సంవత్సరం 1990 అని కొట్టా. ఎందుకంటే పెద్దోడిలా ఉంటుందని, అంతే. అక్కడే వైజాగ్‌లో ఇంజినీరింగ్ చదివే ఒకాయన పరిచయమయ్యాడు. ముఖం ఎప్పుడూ చూడలేదు. కంప్యూటర్ కోర్సు అంటే ఏమిటో, ఎంసెట్‌కి ఏం చదవాలో, సీ లాంగ్వేజ్ అంటే ఏమిటో ఓపిగ్గా టైపు చేసి చెప్పాడు. ఇవాళ నేను తింటున్న అన్నంలో ఆయనకీ ఒక ముద్ద వాటా ఉంది. పదహారు దాటాకే రమ్మని ఉంటే నాకాయన దొరికేవాడు కాదు.

అదే ఫేస్‌బుక్‌లో ఇంకొకడు కూడా దొరికాడు. లాటరీ తగిలింది, ముందు 500 రీచార్జ్ చేయమన్నాడు. బాపు అంగీ జేబులోంచి తీశా. వాడు మాయం. బాపు ఆ ఐదొందల కోసం ఇల్లంతా వెతికాడు, చివరికి దుకాణంలో ఎక్కువిచ్చానేమో అనుకుని ఊరుకున్నాడు. నేను నోరు విప్పలేదు. కొడతాడని కాదు. ఫోన్ గుంజుకుంటాడని. పద్నాలుగేళ్ళయింది, ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు జాతర అయిపోయిన రాత్రికి రండి. అందరూ అలిసిపోయి పడుకున్నారు. అన్న బిడ్డ వచ్చి "బాబాయ్, ఒకటి చూపిస్త, బాపుకు చెప్పవు గదా?" అంది. వదిన ఫోన్లో వదిన పేరు మీదే ఇన్‌స్టాగ్రామ్. రెండు నెలలుగా ఎవరో "అక్క" మాట్లాడుతోంది. డ్యాన్స్ పోటీ ఉంది, ఫోటో పంపమంది. ఇది స్కూలు ఫంక్షన్లో దిగిన మామూలు ఫోటో పంపింది. అప్పట్నుంచి బెదిరింపులు. ఇంకా పంపు, లేకపోతే ఈ ముఖాన్ని ఏం చేస్తానో చూడు, మీ ఊళ్ళో అందరికీ పంపిస్తా అని. ఆ భాష చూస్తే అక్కా కాదు, చెల్లీ కాదు.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదురా?" అన్నా.

"చెప్తే ఫోన్ గుంజుకుంటరు. మళ్ళ లెక్కల వీడియోలు కూడ పోతయి. బడికి కూడ పంపరేమో."

నేను 2012లో అనుకున్న మాటే. చివరి ముక్క ఒక్కటే కొత్తది. అది ఆడపిల్లకే వచ్చే భయం.

నాకు చేతనైంది చేశా. స్క్రీన్‌షాట్లు తీసి దాచి, అకౌంట్ రిపోర్ట్ చేసి, బ్లాక్ చేసి, కేంద్రం వాళ్ళ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టా. (తెలియని వాళ్ళకి: పిల్లలకి సంబంధించిన ఫిర్యాదు అందులో పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. డబ్బు మోసమైతే 1930. పిల్లల హెల్ప్‌లైన్ 1098.) తర్వాత దాన్ని ఒప్పించి, దాని ముందే వదినకి చెప్పా. వదిన ఏడ్చింది గానీ పిల్లని దగ్గరికి తీసుకుంది. హమ్మయ్య అనుకుని హైదరాబాద్ బస్సెక్కా.

బస్సు దిగే లోపే వదిన అన్నకి చెప్పేసింది. అన్న ఫోన్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. "ఇగ ఫోన్ ముట్టుకుంటే చూడు" అన్నాడట. బెదిరించినవాడు ఏ ఊళ్ళో ఉన్నాడో, హాయిగా ఉన్నాడు. శిక్ష మాత్రం పిల్లకి పడింది. అది మూడు వారాలు నాతో మాట్లాడలేదు. నేను ఫోన్ చేస్తే "బాబాయ్‌కి చెప్పు, నేను లేనని" అనడం నాకే వినిపించింది.

2026 జనవరిలోనే దావోస్‌లో నారా లోకేష్ గారు ఆంధ్రలో కూడా ఇలాంటి చట్టం ఆలోచిస్తున్నామన్నారు. కేంద్రం 2023లో చేసిన డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ఆ భాగం అమలుకి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ మా ఇంటి సంగతి చూడండి. సిమ్ అన్న పేరు మీద, ఫోన్ వదినది, అకౌంట్ వదిన పేరు మీద. కంప్యూటర్ లెక్కలో మా ఇంట్లో పిల్లలే లేరు! ముప్పై ఎనిమిదేళ్ళ ఆవిడెవరో రోజూ సీరియల్స్ చూసి, మధ్యలో ఎనిమిదో తరగతి లెక్కలు చేసుకుని, రీల్స్ చూసి పడుకుంటోంది. ఏ మీసాన్ని స్కాన్ చేస్తారు?

కాబట్టి చట్టం రానీ, రాకపోనీ. కంపెనీల మెడ మీద కత్తి పెడితే నాకూ సంతోషమే, ఆ చెక్‌బాక్స్ రాసిన పాపం కొంత తగ్గుతుంది. కానీ ఆస్ట్రేలియా నుంచి మనం తెచ్చుకోవాల్సింది పదహారు అన్న అంకె కాదని నా మటుకు నాకు అనిపిస్తోంది. చెప్పిన పిల్లకి శిక్ష ఉండదు అన్న ముక్క తెచ్చుకోవాలి. దానికి పార్లమెంటు అక్కర్లేదు, మన ఇల్లు చాలు. ఫోన్ గుంజుకోవడం అంటే, ఇంకోసారి నాకు చెప్పకు అని పిల్లలకి నేర్పడమే.

అన్నకి ఇదంతా ఫోన్లో చెప్పా. "నువ్వు పట్నంల కూసోని చెప్తవ్, నాకు బిడ్డ ఉన్నది" అన్నాడు. అదీ నిజమే, కాదనలేకపోయా. అప్పుడే ఆ ఐదొందల సంగతి చెప్పా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "గవి నువ్వే తీసినవారా?" అన్నాడు. మొన్న వదిన చెప్పింది, ఫోన్ బీరువాలోంచి బయటికొచ్చిందట. సాయంత్రం గంటసేపు, అందరూ కూర్చునే అర్రలో, లెక్కల వీడియోలకి.

పిల్ల మాత్రం నాతో ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు. నిన్న రాత్రి వదిన నంబర్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "బాబాయ్, వాడు మళ్ళీ వేరే పేరుతో వచ్చిండు. బాపుకు నేనే చెప్పిన."

ఆదివారం కాటారం వెళ్తున్నా. ఐదొందలు బాపు చేతిలో పెట్టాలి.